వార్తకు కర్త ఎవరు? (బొగ్గుబాయి పాటలో పత్రికా విమర్శ)

ఆ మధ్య పెద్దపల్లిలో జరిగిన ఒక సాహిత్య గోష్ఠిలో ఒక యువమిత్రుడు లేచి ఒక ప్రశ్న వేశాడు. "ఉద్యమం రోజుల్లో పత్రికల్నీ టీవీల్నీ కడిగేసిన పాటలు ఎన్నో వచ్చాయి గదా, ఇప్పుడు ఒక్కటీ రాదేం? పత్రికలు బాగుపడ్డాయా, పాటగాళ్లు చెడిపోయారా?" అన్నాడు. సభలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వేళ మించిపోయిందని అధ్యక్షులవారు వందన సమర్పణకు దిగారు. కాని గోదావరిఖనికి తిరిగి వస్తూ ఉంటే బస్సు బసంత్‌నగర్ దాటినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందులో మూడవ సంగతి ఒకటి ఉందనీ, అది మా తరానికి అంత గౌరవం తెచ్చేది కాదనీ నాకు తోచింది. ఆ మాట చెప్పడానికే ఈ వ్యాసం.

పాటకు పత్రికతో పేచీ ఎక్కడ మొదలైందో ముందు చూడాలి. పాట హృదయానికి సంబంధించినది, వార్త బుద్ధికి సంబంధించినది అని మనలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. ఇది చదువుకున్నవాళ్లు చేసుకున్న పంపకం. పల్లెలో ఈ గోడ లేదు. "సుద్ది" అన్న మాటనే చూడండి. దానికి మంచిమాట అనీ అర్థమే, కబురు అనీ అర్థమే. పక్కనున్న కన్నడంలో ఈనాటికీ వార్తను "సుద్ది" అనే అంటారు. గొల్లసుద్దులు పాడినవాడు కథకుడే కాక ఊరికి కబురు మోసుకొచ్చినవాడు కూడా. సుద్దాల హనుమంతు ఆ గొల్లసుద్దుల్ని సాయుధ పోరాటానికి వాడుకున్నప్పుడు కొత్త రూపమేదో కనిపెట్టలేదు. ఆ రూపం ఎప్పటినుంచో చేస్తున్న పనినే కొత్త వస్తువుతో చేయించాడు.

బుర్రకథ సంగతీ అంతే. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక ఈ కళ ఊరూరా తిరిగింది. బెంగాల్ కరువును నాజర్ కథగా చెప్పాడు. ఎక్కడో దూరాన జనం తిండిలేక చస్తున్నారన్న సంగతి పత్రిక చదవలేని రైతుకూలీకి తెలిసిన దారుల్లో అదొకటి. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకడు హాస్యం, ఒకడు రాజకీయం. అంటే ఒకడు వార్త చెబుతాడు, ఒకడు దానికి వ్యంగ్యచిత్రం గీస్తాడు, ఒకడు సంపాదకీయం రాస్తాడు. ముగ్గురు మనుషులూ ఒక తంబురా, రెండు డక్కీలూ ఉంటే చాలు, పూర్తి పత్రిక. కాగితం అక్కరలేదు, లైసెన్సు అక్కరలేదు. 1948లో ప్రజాశక్తి గొంతు నొక్కారు, 1952లో గాని విశాలాంధ్ర రాలేదు. ఈ నడుమ కబుర్లు ఎట్లా నడిచాయో ఆనాటివాళ్లను అడిగితే పాట పేరు తప్పకుండా చెప్పేవారు.

ఇంకొక చిన్న సంగతి. గద్దర్ తన పేరును గదర్ పార్టీ నుంచి తీసుకున్నాడని అందరికీ తెలుసు. కాని ఆ పార్టీకి ఆ పేరు ఒక పత్రిక వల్ల వచ్చిందని మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పంజాబీ వలసకూలీలూ విద్యార్థులూ కలిసి తెచ్చిన పత్రిక "గదర్". అందులో అచ్చయిన పాటలనే ఏరి మళ్లీ పుస్తకాలుగా పంచారు. అంటే మన కాలంలో అందరికన్నా పెద్ద గొంతున్న పాటగాడు మోసిన పేరు ఒక పత్రికది. పాటా పత్రికా పుట్టు శత్రువులు కావని చెప్పడానికే ఇదంతా. ఒకటి చేయవలసిన పని మానేసినప్పుడే రెండవది దాన్ని నిలదీస్తుంది.

ఇక మా బొగ్గుబాయిల దగ్గరికి వస్తాను.

1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. గోదావరి ఒడ్డుకు గనులు వచ్చాక చుట్టుపక్కల జిల్లాల పల్లెజనం తట్టా చెమ్మస్ పట్టుకోవడానికి ఇక్కడికి వచ్చారు. మొదటి తరంలో అక్షరం వచ్చినవాడు అరుదు. నేను ఇక్కడ తెలుగు పంతులుగా చేరిన కొత్తలో ఖని చౌరస్తాలోని టీ హోటల్లో పొద్దున్నే ఒకడు పత్రిక బిగ్గరగా చదివేవాడు, మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు నిలబడి వినేవారు. వింటూ వ్యాఖ్యానం చేసేవారు. పత్రికా విమర్శ అంటే ఏమిటో నేను నేర్చుకున్నది అక్కడ. "ప్రమాదంలో మృతి" అని చదివేవాడు చదివితే, "ప్రమాదం పేరేంది? ఏ ఊరాయన?" అని ఎవడో ఒకడు తప్పకుండా అడిగేవాడు.

వ్యాకరణం చెప్పుకుని బతికినవాణ్ణి గనక నాకు అన్నిటా వ్యాకరణమే కనిపిస్తుంది. గనిలో చావు గురించి రాసే వాక్యాలు గమనించండి. పైకప్పు కూలింది. నీరు ముంచెత్తింది. బండ మీద పడింది. ప్రతి వాక్యానికీ కర్త ఉంది, కాని ఆ కర్త రాయో నీళ్లో. రాయికి హోదా లేదు, నీటికి జీతం లేదు, వాటి మీద విచారణ జరపలేం. వాక్యం నిర్దుష్టంగా ఉంది, సమాచారం అబద్ధం కాదు. విలేఖరి ఏమీ దాచలేదని ప్రమాణం కూడా చేయగలడు. అయినా ఆ వాక్యం చదివిన మనిషికి ఒక తుఫాను వచ్చిపోయినట్టు ఉంటుంది తప్ప, ఎవరో ఒక పని చేశారనో, చేయవలసింది చేయలేదనో తట్టదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. సుమారు నాలుగు నెలలకే, అక్టోబరులో, 8ఎ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఒక్క ఏట, ఒక్క ఊరి చుట్టూ, 27 మంది. వదిలేసిన పాత పనుల్లో నీరు నిలుస్తుందని గని ఎరిగిన ప్రతివాడికీ తెలుసు. అందుకే అట్లాంటి పాత పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త పని నడపరాదని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల్లోనే రాసి ఉంది. అంటే నీరు అనేది హఠాత్తుగా ఆకాశం నుంచి ఊడిపడే వస్తువు కాదు. దానికీ మనిషికీ మధ్య ఎంత మందం గోడ ఉందో చెప్పవలసిన నక్షా ఒకటి ఉంటుంది. ఆ నక్షా గీసేవాడుంటాడు, చూసేవాడుంటాడు, సంతకం పెట్టేవాడుంటాడు.

ఆ వేసవి చివర ఒక గేట్ మీటింగులో డప్పు మీద విన్న పాట నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని చరణాలు ఇక్కడ ఎత్తి రాయను. గుంపు నడుమ పాడిన పాటను కాగితం మీద పెడితే సగం చచ్చిపోతుంది. వస్తువు మాత్రం చెబుతాను. ఆ పాటలో పాడేవాడు నీటితో మాట్లాడతాడు. నిన్ను అక్కడ నిలవ ఉంచింది ఎవరు? నీకు అడ్డంగా ఉన్న గోడను కొలిచింది ఎవరు? కొలిచినట్టు రాసింది ఎవరు? మమ్మల్ని దిగమన్నది ఎవరు? నీరు జవాబు చెప్పదు. ప్రతి ప్రశ్న తర్వాత పల్లవికి బదులు చనిపోయినవాళ్లలో ఒకరి పేరూ ఊరూ వస్తాయి. ఆ పేర్లు వింటూ ఉంటే గుంపులో ఒక్కొక్క మూల నుంచి ఒక్కొక్క ఏడుపు లేచేది, ఆ ఊరివాళ్లు అక్కడ నిలబడి ఉన్నారన్న మాట.

ఈ పాటలో "పత్రిక" అన్న మాట ఒక్కసారి కూడా రాదు. అయినా పత్రికల మీద నేను విన్న పాటల్లో ఇదే అన్నిటికన్నా గట్టిదని నా అభిప్రాయం. ఎందువల్ల? వింటున్న ప్రతివాడి జేబులోనూ ఆ పొద్దుటి పత్రిక మడతపెట్టి ఉంది. పాట ఆ పత్రిక వాక్యాన్నే తీసుకుని, అందులోని కర్తను బోనులో నిలబెట్టి, నీ వెనకాల ఉన్నది ఎవరని అడిగింది. వాక్యంలో లేనిదాన్ని అడిగింది. పత్రికను తిట్టలేదు, పత్రిక చేయవలసిన పని చేసి చూపెట్టింది.

ఇట్లాంటి పని దూరదేశంలో ఒకరు చేసిన సంగతి ఇక్కడ చెప్పాలి. 1948 జనవరి 28న కాలిఫోర్నియాలోని లాస్ గాటోస్ లోయలో ఒక విమానం కూలి 32 మంది చనిపోయారు. అందులో 28 మంది మెక్సికో వలసకూలీలు. తోటల్లో పని అయిపోయాక వాళ్లను సరిహద్దు దాటించడానికి తీసుకుపోతున్నారు. విమానం నడిపినవాళ్ల పేర్లు వార్తల్లో వచ్చాయి, కూలీల పేర్లు చాలా వార్తల్లో రాలేదు. వాళ్లను ఒట్టి "పంపివేయబడుతున్నవాళ్లు" అన్నారు. వుడీ గత్రీ ఆ వార్త మీద ఒక పాట రాశాడు. అందులోనూ పత్రికాధిపతుల మీద శాపనార్థాలు లేవు, పోయినవాళ్లకు పేర్లు పెట్టి పిలవడం ఉంది. ఆ కూలీలందరి పేర్లూ చెక్కిన రాయి వాళ్ల సమాధి మీదికి రావడానికి 2013 దాకా పట్టింది. అక్షరం చేయని పనిని 65 ఏళ్లపాటు పాట మోసిందన్న మాట. గోదావరిఖని డప్పుగాడు గత్రీ పేరు విని ఉండడు. గత్రీకి మన ఖని తెలియదు. కూలీ పేరు వార్తలోంచి జారిపోవడం రెండుచోట్లా ఒకటే గనక పాట కూడా ఒకే దారిన నడిచింది.

"ఎదురుకాల్పులు" అన్న మాట గురించి ఎక్కువ చెప్పను, ఈ పత్రిక పాఠకులకు తెలియనిది కాదు. ఎదురు అంటే ఇద్దరుండాలి. ఆ ఇద్దరూ ఉన్నారో లేదో కనుక్కోకుండానే 1980ల నుంచి మా ప్రాంతపు చావులకు ఆ సమాసం తయారుగా ఉండేది. పాట ఆ సమాసాన్ని విడగొట్టి విగ్రహవాక్యం చెప్పమన్నది. అందుకు పాటగాళ్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద జరిగిన కాల్పుల్లో దిగిన ఒక తూటా చనిపోయే దాకా, అంటే 2023 దాకా, ఆయన ఒంట్లోనే ఉంది.

ఇంత చెప్పాక పత్రికల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమానికి ఈనాడు పేజీలకు పేజీలు ఇచ్చింది. అందులో ఆ పత్రిక లెక్కలు ఆ పత్రికకు ఉన్నాయని అన్నవాళ్లున్నారు. ఉండవచ్చు. అయినా ఆడవాళ్లు పాడిన పాటా, పొద్దున్నే వచ్చిన వార్తా ఒకే మాట చెప్పిన రోజులు అవి. అదే ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతావాళ్లు అనుసరించారు. దానివల్ల మా బాయిల కబురు రోజూ అచ్చుకెక్కింది. ఇది మేలే. కాని ఆ మేలులోనే ఒక చెరుపు ఉంది. ఖనిలో చచ్చినవాడి కబురు ఆ జిల్లా పేజీల్లోనే పుట్టి అక్కడే ఆరిపోయేది. పక్క జిల్లావాడు దాన్ని చూడడు, హైదరాబాదులో కుర్చీలో ఉన్నవాడు అసలే చూడడు. పాటకు జిల్లా పేజీ లేదు, ఇక్కడి డప్పుపాట కొత్తగూడెంలోనూ పాడతారు.

చెడ్డపాట గురించి ఇప్పుడు చెప్పాలి, నా బాధంతా దాని గురించే.

పత్రికలను తిట్టే పాటల్లో నూటికి తొంభై విలేఖరిని తిడతాయి. అతను కవరు తీసుకుంటాడు, దొర జీపెక్కుతాడు, బిర్యానీ తిని వార్త మింగుతాడు. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు. నేను కొట్టాను. అయితే ఆ విలేఖరి ఎవరు? మండలాల్లో వార్తలు రాసే కంట్రిబ్యూటరు. అతనికి నెల జీతమనేది లేదు. అచ్చయిన వార్తను స్కేలుతో కొలిచి డబ్బు కట్టేవారు, దానికి "లైన్ అకౌంట్" అని పేరు. పండుగ వచ్చిందంటే ప్రకటనలు కూడా అతనే తెచ్చిపెట్టాలి, ఆ ప్రకటన ఇచ్చే చేతి గురించే మర్నాడు వార్త రాయాలి. బాయిలో ఫిల్లరుకు టబ్బు లెక్క, బయట ఇతనికి అంగుళం లెక్క. ఇద్దరూ ముక్కపనివాళ్లే.

నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు ఒక పత్రికకు ఇట్లాగే రాసేవాడు. బాయిలో చెయ్యి పోయిన కార్మికుడి వార్త పంపితే నాలుగు లైన్లయి వచ్చింది. ఆ వారమే ఒక సభలో అతను ముందు వరుసలో కూర్చుని ఉండగా విలేఖరుల మీద పాట పాడారు. పాట అయ్యాక నా దగ్గరికి వచ్చి, "సార్, నేను పంపింది రెండు పేజీలు" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రెండు పేజీలను నాలుగు లైన్లు చేసిన చెయ్యి ఎవరిదో ఆ పాట ఎప్పుడూ అడగలేదు. కార్మికుల పాట కార్మికుడిని తిట్టి ఇంటికి పోయింది.

యజమాని దాకా పోయిన పాటలు లేవా అంటే, ఉన్నాయి. 2009 చివరి నుంచి 2014 దాకా, ఉద్యమం నడిచిన రోజుల్లో, యజమానిని పేరు పెట్టి పిలిచిన పాటలు వచ్చాయి. అప్పటి ఫిర్యాదు అబద్ధం కాదు. పెద్ద పత్రికలూ చానళ్లూ చాలావరకు కోస్తా జిల్లాల పెట్టుబడి. మన యాస వాటికి హాస్యగాడి నోటికీ రౌడీ నోటికీ మాత్రమే పనికొచ్చేది. 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచిన సకలజనుల సమ్మెలో సింగరేణి కార్మికులు దిగారు. బొగ్గు ఆగింది, రామగుండం ఎన్.టి.పి.సి.లో కరెంటు ఉత్పత్తి తగ్గింది. బాయి దగ్గర అది సమ్మె. పట్నంలో టీవీ పెట్టుకున్నవాడికి అది ఎక్కువగా కరెంటు కోత. ఆ కోపం పాటలోకి వచ్చింది, రావడం న్యాయమే.

కాని ఆ పాట యజమానిని అడిగిన ప్రశ్న ఒక్కటే: నీది ఏ ఊరు? నీ ఆస్తి ఏమిటి, ఆ ఆస్తికీ నీ పత్రికకూ సంబంధం ఏమిటి అని అడగలేదు. ఊరు అడిగిన పాటకు ఊరు చెబితే జవాబు అయిపోతుంది. అయిపోయింది కూడా. 2011లో నమస్తే తెలంగాణ వచ్చింది, టి న్యూస్ వచ్చింది, మరుసటి ఏడు వి6 వచ్చింది. మనవాళ్ల పత్రిక, మనవాళ్ల చానల్. మనవాళ్లంటే ఎవరో నేను అప్పుడు ఆలోచించలేదు. వి6 స్థాపకుడు వివేక్ వెంకటస్వామి ఆ రోజుల్లో మా పెద్దపల్లి లోక్‌సభ సభ్యుడు, పారిశ్రామికవేత్త. 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రి అయ్యారు, కార్మిక శాఖా గనుల శాఖా ఆయనకే వచ్చాయి. ఆ చానల్ అబద్ధం చెబుతుందని నేను అనడం లేదు, అంత లెక్క నా దగ్గర లేదు. కార్మికుడి కష్టం వినవలసిన మంత్రీ, గనులు చూడవలసిన మంత్రీ, వార్త చెప్పే చానల్ స్థాపకుడూ ఒకే మనిషి అయినప్పుడు, ఊరు మాత్రమే అడగడం నేర్చిన పాటకు నోట మాట ఏం వస్తుంది? అది నిన్నటి దాకా అడిగిన ప్రశ్నకు ఆయన పూర్తి మార్కులతో పాసయ్యే మనిషి.

ఇంకొక విచిత్రం చూడండి. ఆ చానల్‌లో యాసతో చెప్పిన వార్తల కార్యక్రమం పేరు "తీన్మార్". తీన్మార్ అంటే డప్పు దరువు. ఏ దరువు మీద మనం వార్తలను నిలదీశామో ఆ దరువు పేరే వార్తలకు పెట్టారు. మన మాట టీవీలో విని మా ఇంట్లో అందరం మురిసిపోయాం. ఆ మురిపెం అబద్ధం కాదు, శతాబ్దాల చిన్నతనం ఒక్క సాయంత్రంలో కొంత తీరింది. కాని గొల్లసుద్దులవాడికి సుద్ది ఇచ్చింది ఊరు, ఇక్కడ సుద్ది ఇస్తున్నది స్టూడియో. రూపం మనదైనంత మాత్రాన వస్తువు మనది కాదన్న పాత పాఠాన్ని, తరగతిలో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి, నేనే మరిచాను.

ఇంకా పెద్ద తప్పు ఒప్పుకోవలసి ఉంది. 2014 జూన్‌లో కొత్త శాసనసభ్యులను ఎగతాళి చేస్తూ టి.వి.9లో ఒక కార్యక్రమం వచ్చింది. ఆ నెల మధ్య నుంచి కేబుల్ ఆపరేటర్లు తెలంగాణలో ఆ చానల్‌నూ, ఏ.బి.ఎన్. ఆంధ్రజ్యోతినీ ఆపేశారు. నెలల తరబడి ఆగాయి. ఎగతాళి నీచమైనదే. కాని అధికారానికి కోపం వస్తే తెర నల్లబడుతుందన్న సంగతి మొదటిసారి కనిపించిన ఆ రోజున నేను సంతోషించినవాళ్లలో ఉన్నాను. మన పాట గెలిచిందనుకున్నాను. ప్రజాశక్తి గొంతు నొక్కిన చరిత్రను పిల్లలకు చెప్పినవాణ్ణి నేనే. అధికారం చేసిన పనిని మన పాట ఖాతాలో ఎట్లా రాసుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అదే 2014లో ప్రభుత్వం సాంస్కృతిక సారథి అనే సంస్థ పెట్టి, తరవాత సుమారు 550 మంది పాటగాళ్లను జీతం మీద తీసుకుంది. ప్రభుత్వ పథకాలను జనానికి పాడి చెప్పడం వాళ్ల పని. పాటగాడు తిండికి లేక తిరగాలనే రసికుణ్ణి నేను కాను. అతనికి జీతం రావడం మంచిదే. అయితే సంపాదకుడికి ఒక యజమాని ఉన్నట్టే పాటకూ ఒక యజమాని ఏర్పడ్డాడని మాత్రం ఒప్పుకోవాలి. పెద్దపల్లి మిత్రుడి ప్రశ్నకు ఇదే నా జవాబు. పాటగాళ్లు చెడిపోలేదు. ఊరు అడగడంతో ఆగిపోయే పాట మనం రాసుకున్నాం, దాన్ని పొగుడుతూ నాబోటి విమర్శకులు వ్యాసాలు రాశారు.

అట్లాగని పాట చచ్చిపోలేదు. 2022 మార్చి 7న రామగుండం దగ్గరి అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. వారిలో ఇద్దరు అధికారులు, ఒకరు కాంట్రాక్టు కార్మికుడు. ఒకప్పుడు లక్షకు పైగా ఉన్న సింగరేణి పర్మినెంటు కార్మికులు ఇప్పుడు నలభై వేల దాపుకు వచ్చారు. మిగిలిన పనిలో ఎంతో భాగం కాంట్రాక్టువాళ్లు చేస్తున్నారు. ఆ ఏడు సెప్టెంబరులో వాళ్లు పద్దెనిమిది రోజులు సమ్మె చేశారు. నేను రెండు రోజులు శిబిరానికి పోయి కూర్చున్నాను. అక్కడ చీపురు పట్టే పని చేసే ఒకామె పాడింది. డప్పు లేదు, చేతి చప్పట్లే. తన జీతం ఎంత, కట్టింగులు ఎన్ని, పక్కన అదే పని చేసే పర్మినెంటు మనిషి జీతం ఎంత, ఈ రెంటి నడుమ పోయిన డబ్బు ఏ సంచిలోకి పోయింది, ఆ సంచి ఎవరి ఇంట్లో ఉంది. వరసగా లెక్క చెప్పుకుంటూ పోయింది. పత్రిక మాట అందులోనూ లేదు.

పాట అయ్యాక ఒక కుర్రవాడు చానల్ పేరున్న మైకు పట్టుకుని వచ్చి, "అమ్మా, మీ సమస్య ఏందో చెప్పండి" అని అడిగాడు.

ఆమె అతని వంక చూసి, "గిప్పుడు పాడింది గదే గద బిడ్డా. మల్ల పాడాల్నా?" అంది.

కుర్రవాడు కాసేపు తటపటాయించాడు. మైకు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆమె కొంగు నడుముకు దోపుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.